నిరాయుధుఁడైన వీరుఁడు: ఒక శౌర్యపత్రముయొక్క రసవిచారము

శాసనప్రశస్తులను జదువుట కలవాటుపడినవారికి వానియందలి వీరవర్ణనము తీరు తెలియనిది కాదు. రాజు శత్రువులను జంపును, కోటలను గూల్చును, కప్పములను గొనును. ఇంచుమించుగాఁ బ్రతివాక్యమునందును గర్త రాజు, కర్మము శత్రువు, క్రియ హింసార్థకమైన యేదో యొక ధాతువు. ఈ మూస యొక్క దేశమునకుఁ గాని యొక్క కాలమునకుఁ గాని చెందినది కాదు. యుద్ధమున నొకనిని బొగడవలసివచ్చినప్పుడు నేఁటి ప్రభుత్వములును బెక్కుమాఱు లీ మూసయందే పోఁతపోయుచున్నవి. అట్టి ప్రశస్తుల వరుసలోఁ జేరియు వానిని బోలని యొక చిన్న గద్యము నిచట విచారింపఁ దలఁచితిని.

అది డెస్మండ్ డాస్ అను నమెరికా సైనికునకు 1945 అక్టోబరు 12వ తేదీని ఆ దేశాధ్యక్షుఁడు హారీ ట్రూమన్ మెడల్ ఆఫ్ ఆనర్ అను పతకము నొసఁగిన సందర్భమునకుఁ జెందిన శౌర్యపత్రము. ఆ దేశమున సైనికునకు దీనికంటె నున్నతమైన శౌర్యపతకము లేదు. పత్రము మిక్కిలి పొట్టిది. వ్రాసినవాఁడు కవిత్వము వ్రాయుచున్నానని యనుకొని యుండఁడు. అయినను మన యాలంకారికులు వేయి సంవత్సరములకుఁ బైగాఁ జర్చించిన యొక ప్రశ్నమునకు వారికి లభింపని యుదాహరణము దీనియందు లభించుచున్నది. యుద్ధభూమి నడుమ నిలిచి, యొక్కనినైనఁ జంపక, చంపు సాధనమును జేతఁ బట్టక యుండువాఁడు వీరరసమున కాలంబనము కాఁగలఁడా? కాఁగలిగినచో నేవిధమైన వీరుఁడు?

ముందు వస్తువు. డాస్ 1919లో వర్జీనియా రాష్ట్రమందలి లించ్‌బర్గు పట్టణమునఁ బుట్టెను. ఆతనిది సెవెంత్ డే అడ్వెంటిస్టు మతము. శనివారమును విశ్రాంతిదినముగాఁ బాటించు క్రైస్తవశాఖ యది. చంపకుమను దైవాజ్ఞయందు లక్షణను గాని యర్థసంకోచమును గాని యంగీకరింపక యాతఁడు వాచ్యార్థమునే గ్రహించెను. ఓడలు కట్టు కార్ఖానాలోఁ బనిచేయుచుండుటచే మినహాయింపు పొందుట కవకాశముండియు 1942లో సైన్యమునఁ జేరెను. తుపాకి మాత్రము ముట్టననెను. తోడిసైనికు లవహసించిరి; అధికారులు పంపివేయఁ జూచిరి. తుదకు 77వ పదాతివిభాగములోని 307వ రెజిమెంటునందు వైద్యసేవకుఁడుగా నిలిచి 1944లో గువాము, లేటే ద్వీపములందును, 1945లో ఒకినావా ద్వీపమునందును బనిచేసెను. వైద్యుఁడని నే ననుట లేదు. శస్త్రవైద్యుఁడు వెనుకనుండును. సైనికుఁడు పడిన చోటికే పోయి, రక్తము నాపి, కట్టుగట్టి, మోసికొనివచ్చువాఁడు ఈ సేవకుఁడు. 1929 నాటి జెనీవా యొడంబడిక ప్రకార మట్టివాఁడు తన రక్షణకును గాయపడినవారి రక్షణకును ఆయుధము దాల్చినను వైద్యసేవకుల కొసఁగఁబడిన యభయము వానికిఁ దప్పిపోదు. అనఁగా డాస్ నిరాయుధుఁ డగుట విధిచేతఁ గాదు, వ్రతముచేత.

పత్రము చెప్పు కథ యిది. ఒకినావాలో ఉరసోయె గ్రామము చెంత నన్నూఱడుగుల యెత్తుగల కొండచరియ మీఁదికి మొదటి పటాలము నడచెను. శిఖరమును జేరఁగానే ఫిరంగులు, మోర్టారులు, మరతుపాకులు వారిపై నగ్ని గురిసెను. ఇంచుమించు 75 మంది పడిరి; తక్కినవారు వెనుకకుఁ దఱుమఁబడిరి. డాస్ మఱుఁగు వెదకికొనక యచటనే నిలిచి, పడినవారి నొక్కొక్కనిగాఁ జరియ యంచునకు మోసికొనివచ్చి, త్రాటఁ గట్టిన డోలిలోఁ గ్రిందివారి చేతులకు దింపెను. మే 2వ తేదీని సేనాపంక్తికి 200 గజములు ముందుగాఁ బడియున్న యొకనిని రక్షించెను. రెండు దినములకుఁ బిమ్మట నొక గుహను ముట్టడించుచుఁ గూలిన నలువురకై చేతిబాంబుల వాన నడుమ శత్రువులకు 8 గజముల దూరమువఱకుఁ బోయి, కట్లుగట్టి, నాలుగుమాఱులు వేర్వేఱుగాఁ బోయివచ్చి నలువురను జేర్చెను. మే 5వ తేదీని ఫిరంగిదళాధికారి కొకనికిఁ గట్టుగట్టి, గుండ్లు చెంతఁ బడుచుండ నిదానముగా ప్లాస్మా యెక్కించెను. ఆ దినముననే శత్రుస్థానమునకు 25 అడుగుల దూరమునఁ గూలినవాని చెంతకుఁ బ్రాఁకిపోయి, వానిని 100 గజములు మోసెను.

మే 21వ తేదీ రాత్రి షూరి చెంత జరిగిన దాడిలోఁ దక్కిన దళము మఱుఁగుఁ జేరినను డాస్ బయలిలోనే నిలిచెను. చీఁకటిలోఁ దనవారే తన్ను జొరఁబడిన శత్రువని భ్రమింతురేమో యను నపాయ మొకటి. చేతిబాంబు పేలి కాళ్లు గాయపడెను. మఱియొక సేవకుని మఱుఁగునుండి రప్పింపక తన గాయములఁ దానే చూచికొని 5 గంటలు వేచియుండెను. డోలివారు వచ్చి మోయుచుండఁగా శత్రువుల టాంకులు పైఁబడెను. ప్రక్కనే తనకంటె నెక్కుడు గాయపడినవానిఁ జూచి డాస్ డోలినుండి ప్రాఁకి దిగి, ముందు వానిని జూడుఁడని డోలివారికిఁ జెప్పెను. వారు మరలి వచ్చులోపల మఱల దెబ్బ తగిలి యొక చేతి యెముక విఱిగి పొడుచుకొనివచ్చెను. ఒక తుపాకి కఱ్ఱభాగమును విఱిగిన చేతికి బద్దగాఁ గట్టికొని, 300 గజములు గరుకునేలపైఁ బ్రాఁకి చికిత్సాస్థానమును జేరెను.

వ్యాకరణదృష్టితో నీ గద్యమును జూచినప్పుడు మొదటఁ గనఁబడునది కారకములయమరిక. కర్త ఆద్యంతమును డాస్. క్రియలు నిలుచుట, మోయుట, దింపుట, ప్రాఁకుట, కట్టుట, వేచుట. హింసార్థకధాతు వొక్కటియు నీ కర్తతో నన్వయింపదు. కర్మములన్నియు గాయపడిన తనవారే. శత్రువు పత్రమునందు లేకపోలేదు. కాని యాతఁడు కర్మము గాక, దూరమును గొలుచుట కవధిగా మాత్రమే నిలిచినాఁడు: ఇన్ని గజములు, ఇన్ని యడుగులు. భయార్థకధాతువుల యోగమున భయహేతువునకుఁ బాణిని యపాదానసంజ్ఞను విధించెను. పులివలన భయపడును, దొంగవలన భయపడును అని మనమును బంచమినే వాడుదుము. భయహేతువునుండి మనుష్యుఁడు తొలఁగిపోవును గనుక నీ వ్యవహారము లోకస్వభావమున కనుగుణము. ఈ పత్రమున భయహేతువు స్థిరముగానే యున్నది. కర్త మాత్రము దానినుండి తొలఁగక దానిదిక్కునకే ప్రాఁకుచున్నాఁడు.

ఈ కొలఁతలే పత్రమునకుఁ బ్రాణము. 200 గజములు, 8 గజములు, 25 అడుగులు, 5 గంటలు, 300 గజములు: ఈ యంకెలు విభావములను నిలుపుచున్నవి. వ్రాసినవాఁడు వీనిని నమ్మి యూరకుండిన బాగుండెడిది. అట్లుండక, కర్త నిర్భయుఁడనియు, మహాధైర్యముతో బద్దకట్టు కట్టికొనెననియు, సాటిలేని సాహసము గలవాఁడనియు నడుమ నడుమ విశేషణములను జొప్పించినాఁడు. రసమును గాని స్థాయిభావమును గాని దాని పేరుతోనే చెప్పుట దోషమని మమ్మటాదులు చెప్పిరి. ఆ మాట కింతకంటెఁ జక్కని యుదాహరణము వెదకనక్కఱలేదు. విఱిగిన చేతికి బద్దగట్టికొని మున్నూఱు గజములు ప్రాఁకినవానికి ధైర్యము గలదని మఱల మనకుఁ జెప్పవలయునా? బిరుదపత్రము గనుక వాడుకమాటలు తప్పవని యొకరనవచ్చును. తప్పకున్నఁ దుదివాక్యమునఁ జెప్పి యూరకుండవచ్చును గదా.

పాఠవిషయమునను గొన్ని చిక్కులు గలవు. లోకమున డాస్ 75 మందిని రక్షించెనని ప్రసిద్ధి. పత్రమున నా సంఖ్య రక్షింపఁబడినవారికిఁ గాక పడినవారికిఁ జేరియున్నది, అదియు నించుమించుగా. తుదిభాగము రక్షితులను బెక్కుండ్రని మాత్రమే చెప్పును. అధికారులు నూఱనఁగా డాస్ యేఁబది దాఁటదని పట్టుబట్టెననియు, రెంటికి నడుమ 75 స్థిరపడెననియు వాడుక గలదు. ప్రశస్తులలో సంఖ్యను దగ్గింపఁ జూచిన నాయకుఁ డపూర్వుఁడు! తేదీవిషయ మింకొకటి. పత్రమున డోలిఘట్టము తేదీ లేకయే మే 2కు ముందు నిలిచియున్నది. డాస్ చరిత్రము చెప్పువారు దానిని మే 5వ తేదీ శనివారమున జరిగినట్లు చెప్పుదురు. ఆ దినము డాస్‌నకు విశ్రాంతిదినము. త్రాటివిషయమునఁ బత్రము డోలి యనుచున్నది. శిక్షణకాలమునఁ దాను నేర్చిన రెండుచుట్ల ముడిలోఁ గాళ్లు దూర్చి దింపితినని డాస్ తరువాతఁ జెప్పెను. ఈ రెండవ పాఠమే నాకు గ్రాహ్యము. ఒక్కని చేతఁ బని వేగముగా సాగుటకు డోలికంటె ముడియే తగినది. మఱియు నీ వీరునియందు దయయేకాక యభ్యస్తమైన నేర్పును గలదని యా ముడి తెలుపుచున్నది.

పత్రమునందలి యన్నింటికంటెఁ బెద్ద లోప మింకొకటి. నాయకుఁడు నిరాయుధుఁడను మాట యందెచ్చటను లేదు! ఆతని వ్రతము గాని, దానికై యాతఁడు పడిన పాట్లు గాని సూచనకైన నోఁచుకొనలేదు. తుపాకి పట్టనివానికి నత్యున్నతపతక మిచ్చుచున్నామని సేనావ్యవస్థ తన పత్రములోఁ జెప్పుటకు సంకోచించెనో, అది యప్రస్తుతమని తలఁచెనో. కారణ మేదైనను ఫలమునఁ గావ్యము చెడినది. తుపాకి కఱ్ఱభాగమును బద్దగాఁ గట్టికొనుట యను వాక్యమును వ్రతము నెఱుఁగనివాఁడు చదివినచో నదియొక యుపాయము మాత్రమే; చేతికందిన కఱ్ఱ యేదైననేమి? వ్రత మెఱిఁగినవానికి నా వాక్యమునందే సర్వస్వమును ధ్వనించును. మూఁడేండ్లు సైన్యమునఁ దాను ముట్టననిన వస్తువు తుదకుఁ జేతికి వచ్చినది. హంతృసాధనముగాఁ గాదు, విఱిగిన యెముకకు బద్దగా. హననక్రియకుఁ గరణమైనది బంధనక్రియకుఁ గరణమైనది. వ్రాసినవాఁ డీ ధ్వనిని దా నెఱుఁగకయే యిచట నిలిపినాఁడు. దానికి మూలమైన వాచ్యమును మాత్రము విడిచినాఁడు.

ఇఁక రసనిర్ణయము. భరతముని దానవీరుఁడు, ధర్మవీరుఁడు, యుద్ధవీరుఁడు నని వీరుని ముత్తెఱఁగులఁ జెప్పెను. దయావీరుఁడు తరువాతి వారిచేఁ జేర్పఁబడినవాఁడు. సాహిత్యదర్పణమున విశ్వనాథుఁడు నలువురను జెప్పి, దయావీరునకు నాగానందనాయకుఁడైన జీమూతవాహనుని జూపెను. జగన్నాథపండితరాయలు నాలుగింటితో నిలువదని సత్యవీరాదులనుగూడఁ జూపెను. ఆనందవర్ధనుఁడు దయావీరాదుల విషయమున నొక గీటుఱాయి నిచ్చియున్నాఁడు: చిత్తవృత్తి యన్నివిధముల నహంకారరహితమైనచో నది శాంతమునకుఁ జేరును, లేనిచో వీరమునకుఁ జేరును. ఈ మాటఁబట్టి డాస్ కథ శాంతమునకే చేరునని యొకరు వాదింపవచ్చును. తన డోలి నింకొకని కిచ్చినవానికి, రక్షితుల సంఖ్యను దగ్గింపఁ జూచినవానికి నహంకార మెక్కడిది?

ఈ పూర్వపక్షము బలమైనదే కాని నిలువదు. శాంతమునకు శమము మూలము. శాంతుఁడు ఫలాపేక్షలేక లోకమునుండి మరలును. ఇచట నాయకుఁడు మరలుట లేదు. త్రాడు ముడివేయుచున్నాఁడు, దూరము నూహించుచున్నాఁడు, ఎవ్వనిని ముందు దింపవలయునో నిర్ణయించుచున్నాఁడు. ఇది యంతయుఁ గార్యమునందలి సంరంభము; అదియే యుత్సాహము. నాగానందమునందు శాంతము కాదు దయావీరమే యని చెప్పినప్పుడు దశరూపకవ్యాఖ్యాత యైన ధనికుఁడు మలయవతీప్రణయమును, విద్యాధరచక్రవర్తిత్వలాభమును హేతువులుగాఁ జూపెను. డాస్ విషయమున నంతదూర మక్కఱలేదు. ఒక్కొక్కనిఁ దింపిన వెనుక నింకొకనిని దేనిమ్మని యాతఁడు దేవుని వేఁడుకొనెనని ప్రసిద్ధి. ఇంకొకఁడను నా కోరికయే యుత్సాహమునకు సాక్ష్యము.

ధర్మవీరుఁడని మఱికొందఱనవచ్చును. ఇచట రెండింటిని వేఱుచేయవలయును. తుపాకి ముట్టకుండుట ధర్మవీరము; అది నివృత్తిరూపము, ఇంటనున్నను సాగెడిది. గుహముఖమునకు 8 గజములవఱకుఁ బోవుట దయావీరము, అది ప్రవృత్తిరూపము. మొదటిదానినుండి రెండవది పుట్టితీరవలయునను నియమము లేదు. ఆయుధము పట్టక యుద్ధభూమి నిలిచినవాఁడు శ్రీకృష్ణుఁడు గలఁడు గదా యందురేమో. ఆయన సారథి, ఆ రథముపై గాండీవము గలదు. భీష్మునిపైఁ జక్రముఁ బట్టి దూఁకిన ఘట్టమున నా వ్రతమును సడలెను. భక్తులకుఁ బ్రియమైనదియు నా ఘట్టమే.

మన ప్రాచీనులు యుద్ధవైద్యు నెఱుఁగనివారు కారు. శస్త్రములు, యంత్రములు, మందులు, స్నేహద్రవ్యములు, కట్టుగుడ్డలు చేఁబూని వైద్యులు సేనకు వెనుక నిలువవలయునని కౌటిల్యుఁడు విధించెను. సుశ్రుతుఁడు వైద్యుని గుడారమును రాజునకు సమీపమునఁ బెట్టెను. అంపశయ్యపై నున్న భీష్ముని చెంతకు బాణములను దీయ నేర్చిన వైద్యులు వచ్చిరి. ఆయన వారిని సత్కరించి పంపివేసెను. ఈ మూఁడుచోట్లను వైద్యుని స్థానము వెనుకనో, రాజు ప్రక్కనో, యుద్ధము నిలిచిన పిమ్మటనో. వ్యవస్థకది యుక్తమే. కాని దానివలన వైద్యుఁడు కావ్యమునకు నాయకుఁడు కాలేదు. బాణములు వచ్చుచున్న దిక్కున కేగువాఁడు కాలేదు గనుక.

జీమూతవాహనునితోఁ బోల్చినప్పుడే యీ క్రొత్తదనము తేటపడును. శంఖచూడునికి మాఱుగా గరుడునకుఁ దన దేహము నిచ్చిన యా మహాత్ముని దయ ఒక్కమాఱు జరుగు దానము. దేహ మిచ్చుటయే ఫలము. వైద్యసేవకునికి దేహ మిచ్చివేయుట తగదు. ఆతఁడు మరణించెనేని పడియున్నవాఁడును మరణించును; వానివెనుకనున్న నలువురును మరణింతురు. కావున నాతని దయ మృత్యువుచెంతకుఁ బోవలయును, మరలి రావలయును, మఱలఁ బోవలయును. నాలుగుమాఱులు వేర్వేఱుగా నని పత్రము చెప్పినచోట నాకు ఒడలు జలదరించినది. మొదటిమాఱు పోవునప్పు డపాయము పూర్తిగాఁ దెలియదు, రెండవమాఱు తెలియును. తెలిసి మఱల పోవు నీ గతాగతమే యిచటి వీరమునకు లక్షణము. దేహత్యాగము కాదు, దేహమును సాధనముగాఁ గాపాడికొనుచు దాని నపాయమునకు మఱల మఱల నొడ్డుట. ప్రాచీనుల దయావీరలక్షణమున నీ యంశము లేదు. చేర్పవలయునని నా యభిప్రాయము. డోలిఘట్టమున మాత్ర మీ నియమము మాఱినది. కాళ్లు గాయపడినవాఁడు మఱల మోయలేఁడు. అందుచే నచ్చట డాస్ జీమూతవాహనుఁడే యయ్యెను.

ఈ కథను 2016లో మెల్ గిబ్సన్ హాక్సా రిడ్జ్ అను చలనచిత్రముగాఁ దీసెను. పత్రము విడిచినదానిని చిత్రము చెప్పినది; శిక్షణకాలమునందలి యవమానములు పూర్వభాగమున విపులముగాఁ గలవు, ధర్మవీరము చక్కఁగా నిలిచినది. రాత్రి యొక్కొక్కనిని దింపు దృశ్యములును బాగున్నవి. గువాము, లేటే మాత్రము మాయమైనవి. డాస్ ఒకినావాయందే మొదటిసారి యుద్ధమును జూచినట్లున్నది. అనుభవము గలవాని గతాగతము క్రొత్తవాని సాహసముగా మాఱుటచే రసము పలుచఁబడినది. ఒకచోట డాస్ గుడ్డపైఁ బరుండఁబెట్టి యీడ్చుచుండఁగా గాయపడిన సార్జెంటు శత్రువులపైఁ దుపాకి కాల్చుచుండును. ప్రేక్షకులు చప్పట్లు కొట్టుదురు కాని, యా క్షణమున మన నాయకుఁడు యుద్ధవీరుని రథమునకు గుఱ్ఱ మయ్యెను. క్షేమేంద్రుఁ డుండినచో నిట నౌచిత్యభంగ మని వ్రాసికొనియుండును.

అంతకంటెఁ బెద్ద కొఱఁత తుదిని గలదు. డోలి నితరునకు విడుచుట, తుపాకిబద్ద, 300 గజముల ప్రాఁకుట, ఈ మూఁడును చిత్రమున లేవు. ఎగిరివచ్చిన చేతిబాంబును దన్ని, గాయపడి, డోలిలోఁ గొండచరియనుండి నాయకుఁడు దిగును. ఉన్నదున్నట్లు చూపినచోఁ జూచువారు నమ్మరని విడిచిరని చెప్పుదురు. నిజమే యైనను నమ్మశక్యము కానిది కావ్యమునఁ బనికిరాదనుట మన శాస్త్రమునకును సమ్మతమే. కాని నమ్మిక పుట్టించుట కవిపని. చిత్రము తుదిని నిజమైన డాస్‌ను, ముసలితనమున మాటలాడుచున్నవానిని, చూపనే చూపినారు. సాక్షి నెదుటఁ బెట్టుకొని సాక్ష్యమును విడుచుట యేల?

మనవారికిని నీ విషయ మన్యము కాదు. 1899లో బోయరుయుద్ధము మొదలైనప్పుడు నేటాలునందు గాంధీగా రించుమించు 1,100 మంది భారతీయులతో డోలిదండును గూర్చిరి. వారిలో నధికసంఖ్యాకు లొప్పందపుఁ గూలీలు. నేటాలునకుఁ గూలీలను బంపిన రేవులలో మదరాసు ముఖ్యము. అటనుండి పోయినవారిలోఁ దెలుఁగువారును గలరు. తుపాకిగుండ్లు తగులని దూరమునఁ బనిచేయుట మొదటి నిబంధన. 1900 జనవరిలో స్పియన్ కాప్ వద్ద నా నిబంధన విడిచి, గుండ్లు పడుచోటికే పోయి మోసిరి. దినమునకు ఇరువది యిరువదియైదు మైళ్లు మోసిరని గాంధీగారు వ్రాసియున్నారు. పల్నాటివీరచరిత్రయు, బొబ్బిలికథయుఁ గత్తి పట్టినవానికే పాట కట్టినవి. డోలికొయ్య భుజముపైఁ బెట్టుకొన్న కూలివాఁడు నాయకుఁడైన కావ్యమునకు వస్తువు మన కిచ్చట సిద్ధముగానున్నది. విభావానుభావములకుఁ గొదువ లేదు.

డాస్ పత్రమును దెలుఁగు చేయఁబూనువారికి రెండుమాటలు. 75 అను సంఖ్యను రక్షితులకుఁ జేర్పక మూలమున నున్నట్లు పడినవారికే యుంచవలయును. తుపాకి కఱ్ఱభాగమును జెప్పుచోట సంస్కృతసమాసమును వెదకక, మన పల్లెలలో నెముకలు గట్టువారు వాడు బద్ద యను మాటనే వేయవలయును. ధైర్యవిశేషణమును దాని ప్రక్క నుంచనక్కఱలేదు.